ఖాళీ గీతకూ ఒక నంబరు

దగ్గరికి జరగండి. ఆ పీట అక్కడే వదిలేసి ఈ చాప మీదికి రండి, గోడకు వీపు ఆనించుకోండి. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. పెంచితే మా చెల్లెలి ఇంటిదాకా వినబడుతుంది. రెండిళ్ల మధ్యా ముళ్లకంచె తప్ప గోడ లేదు, ఆ కంచెకు కూడా మనుషులు దూరేంత సందు ఉంది. ఆ సందు చేసింది చెల్లెలి బిడ్డే. చిన్నప్పుడు కథ కోసం మా ఇంట్లోకి దూరీ దూరీ చేసింది.

నేను చదివింది నాలుగో తరగతి. ఆ తర్వాత బర్రెల వెంట పోయాను, నాట్లకు పోయాను, పెళ్లి చేసుకుని ఈ ఊరు వచ్చాను. ఇప్పుడు చెప్పబోయేది కంప్యూటర్లో నంబర్లు వరుసగా వేసే పని గురించి. నవ్వొస్తే నవ్వండి. ఒకసారి విన్నది పోగొట్టుకోని బుర్ర నాది. ఆ పిల్ల నా పక్కన కూర్చుని చెప్పిన ప్రతి మాటా చెప్పిన తీరులోనే ఉంది. ఉండకపోతే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మాది టేకులపల్లి దాటి లోపలికి, అడవికి ఆనుకున్న ఊరు. ఒక పక్క టేకు చెట్లు, ఒక పక్క వరి. రోడ్డు మీద జామాయిల్ కట్టెల లారీలు సారపాక వైపు పోతుంటాయి, వాటి దుమ్ము మా దొడ్లో ఆరేసిన బట్టల మీద వాలుతుంది. పొలాలన్నీ కుంట కింద ఒకదాని కింద ఒకటి మెట్లలాగా ఉంటాయి. పై మడి ముందు ఆరుతుంది, కింది మడి ఆఖర్న ఆరుతుంది. కాబట్టి కోత కూడా పై నుంచి కిందికే. ఊరికి వచ్చేది వరి కోసే చైన్ మిషన్ ఒక్కటే, అదీ బయటి నుంచి కిరాయికి. మా ఊరి వరుస అయిపోగానే ఇంకో ఊరికి వెళ్లిపోతుంది. అందుకని పొలాలకు నంబర్లు ఉన్నాయి. మాది పన్నెండు. మాకు పైన పదకొండు ఒక ముసలాయనది, నేను కాకా అంటాను. మా కింద పదమూడు మా చెల్లెలి మొగుడిది. అక్కాచెల్లెళ్లం ఒక ఊరికే కోడళ్లమయ్యాం, మడి పక్క మడి చేసుకుంటున్నాం.

ఈ నంబర్ల విషయంలో మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. వేరే ఊళ్లో ఉందో లేదో నాకు తెలియదు. కోతల్లో ఎవరింట్లోనన్నా మనిషి పోతే, పెద్దదినం అయ్యేదాకా ఆ ఇంటివాళ్లు పొలంలో అడుగుపెట్టరు, పంటను ముట్టరు. మైల కదా. ఆ ఇంటి పేరు కోత వరుసలో రాయరు, పలకరు. పేరు తీసేస్తారు కానీ నంబరు తీయరు. పంచాయతీ గోడ మీద బొగ్గుతో రాసే రోజుల్లో నంబరు ఉండి పక్కన పేరు చెరిపేసి ఉండేది. అలా పేరులేని నంబరు కనిపించిందంటే దాని పైవాడు, కిందివాడు ఇద్దరూ తమ పని ఆపుకొని ఆ పొలంలోకి దిగాలి. మిషన్ పెట్టించి, వడ్లు తమ కల్లంలో ఆరబోసి, పట్టా కప్పి, పెద్దదినం తెల్లవారి అప్పగించాలి. అడగడం ఉండదు, దండం పెట్టడం ఉండదు. ఖాళీ కనిపిస్తే దిగడమే.

మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, వాళ్ల నాయన చనిపోయిన ఏడు పదమూడో నంబరు ఖాళీ అయింది. మా ఇంటాయన మాది పక్కన పెట్టి వాళ్లది కోయించాడు. వాళ్ల వడ్లు మా కల్లంలోనే ఆరాయి. మా అత్త అప్పటికే సరిగా నడవలేకపోయేది. అయినా కల్లంలో గొడుగు కింద కూర్చుని కర్రతో కోళ్లను అదిలించింది. "మనయి పోతే పోనీ, మైలింటోళ్ల గింజ కోడి తినొద్దు" అనేది.

గోడ మీది రాత వానకు కారిపోయేది, తగాదాలు వచ్చేవి. చెల్లెలి బిడ్డ చదువుకుని హైదరాబాద్ ఆఫీసు పనిని ఇంటి దగ్గరి నుంచే చేసుకోవడానికి వచ్చాక, ఊరివాళ్లు ఆ వరుస ఏదో కంప్యూటర్లో రాయమన్నారు. వాళ్లింట్లో సిగ్నల్ దొరకదు, మా అరుగు మీద దొరుకుతుంది. రోజూ మధ్యాహ్నం అన్నం తిని ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కంచె సందులోంచి వచ్చేది. నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనో, కందికాయ వొలుచుకుంటూనో పక్కన కూర్చునేదాన్ని. నేను కథ చెబితే తను పని చెప్పేది. అట్లా ఇచ్చిపుచ్చుకున్నాం.

మొదటిసారి చేసిన వరుస ఫోన్లలో పంపినప్పుడు ఊరంతా నవ్వింది. ఒకటి తర్వాత పది, పదకొండు, పన్నెండు వచ్చి, ఎక్కడో కింద రెండు వచ్చింది.

"ఏందే ఇది, రెండో నంబరోడు యాడికన్న పారిపోయిండా?" అన్నాను.

"ఆగు పెద్దమ్మా. ఇది నంబర్లను నంబర్ల లెక్క చూడలే, అక్షరాల లెక్క చూసింది. పదిల మొదటి అక్షరం ఒకటే కదా. అందుకే తీస్కపోయి ఒకటి పక్కన కూసోబెట్టింది."

"పేరు మొదటి అక్షరం కలిస్తే చుట్టాలైతరా? చెప్పు దానికి, ఇవి నంబర్లని."

"గదే చెప్తున్న. ఒక్క అక్షరం పెడితే ఇంటది."

ఒక్క అక్షరం పెట్టింది. రెండు తన చోటికి వచ్చి కూర్చుంది. ఒక్క అక్షరంతో అంత మారుతుందా అని నేను ఆశ్చర్యపోయాను. ఆ ఆశ్చర్యం నాకు మళ్లీ ఒకసారి రావలసి ఉందని అప్పుడు తెలియదు.

తర్వాత ఆమె నంబర్లు చేత్తో కొట్టడం మానేసింది. మధ్యలో ఒక పేరు చేర్చాలంటే కింది నంబర్లన్నీ దిద్దుకోవాలి, అందుకని. ఫైల్లో పేర్లు మాత్రమే, గీతకొకటి, పొలాల వరుసలో. నంబర్లు అదే వేసుకునేట్టు స్క్రిప్ట్ రాసింది. స్క్రిప్ట్ అంటే ఏమిటని అడిగాను.

"నువ్వు పుట్టింటికి పోయేటప్పుడు పెద్దనాయినకు చెప్పిపోతవు చూడు. ముందు పొయ్యి అంటియ్యి, ఎసరు పెట్టు, బియ్యం కడిగి పొయ్యి, కుతకుత అన్నప్పుడు వార్చు అని. గట్ల ఒకదాని కింద ఒకటి రాసిపెడతం. పిలిస్తే పైకెల్లి కిందికి చేస్కుంట పోతది."

"మీ పెద్దనాయిన ఎసరు పెట్టకముందే బియ్యం పోస్తడు."

"గందుకే మనిషికి చెప్పకుండ దీనికి చెప్పేది" అంది నవ్వుతూ. ఈ మాట కూడా నాకు గుర్తే.

వచ్చిన చిక్కల్లా ఖాళీ గీత దగ్గర. ఎవరింట్లోనన్నా మైల వస్తే ఫైల్లో ఆ పేరు తీసి గీత ఖాళీగా వదలాలి. కానీ నంబర్లు వేసే ఆజ్ఞ, ఎన్-ఎల్ అని రెండక్షరాలు, దాని మానాన దాన్ని వదిలేస్తే ఖాళీ గీతను లెక్కపెట్టదట. రాత ఉన్న గీతకే నంబరు వేసి, ఖాళీని దాటి, తర్వాతి పేరుకు ఆ నంబరు ఇచ్చేస్తుందట. పక్కన ఇంకో రెండక్షరాలు, బి-ఏ అని, చిన్న అడ్డగీతతో తగిలిస్తే అప్పుడు ఖాళీ గీతకు కూడా నంబరు వేస్తుంది. ఆ పిల్ల మా పేరు తీసి, రెండు రకాలుగానూ చేసి నాకు చూపించింది. ఒక తెరలో పన్నెండు పక్కన ఏమీ లేదు, పదమూడు పక్కన వాళ్ల నాయన పేరు ఉంది. ఇంకో తెరలో పన్నెండు పక్కనే వాళ్ల నాయన పేరు.

"మన ఊరికి ఏది కావాలె పెద్దమ్మా?"

"ఖాళీకి నంబరు ఉండేదే కావాలె. రెండోది మనది కాదు."

"అవ్. నాకు ఎరుకే. నువ్వు చెప్తవో లేదో చూసిన" అంది.

ఇంకొకటి కూడా చేసింది. మిషన్ డ్రైవరు బయటివాడు, అన్ని నంబర్లు చదివే ఓపిక లేనివాడు. అతనికి ఒక్కొక్క నంబరు కాకుండా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఆగకుండా పోవచ్చో ఒక్క ముక్కలో చెప్పాలి. దానికి ఆ స్క్రిప్ట్ ఏం చేస్తుందంటే, ప్రతి నంబరు దగ్గరా ఆగి ముందుదాన్ని గుర్తు తెచ్చుకుంటుంది. ఇది దానికన్నా ఒకటే ఎక్కువా? అయితే అదే దండలో గుచ్చుతుంది. కాకపోతే దారం తెంపి కొత్త దండ మొదలుపెడుతుంది. కోసేసిన నంబరు దగ్గరా తెంపుతుంది, పేరు లేని నంబరు దగ్గరా తెంపుతుంది. ఆఖరుకు ప్రతి దండకూ మొదటి పువ్వూ చివరి పువ్వూ మాత్రం చెబుతుంది. ఏడు నుంచి పదకొండు, పన్నెండు ఖాళీ, పదమూడు నుంచి ఇరవై, ఇట్లా. దండ తెగినచోట ఊరికి తెలుస్తుంది, అక్కడ మైల ఇల్లు ఉందని. నాకు అది ఎంత నచ్చిందో చెప్పలేను. మా ముసలివాళ్లు బొగ్గుతో చేసిన పనిని ఈ పిల్ల నల్లటి తెర మీద చేసింది అనుకున్నాను. పద్ధతి బతికింది అనుకున్నాను.

పోయిన వానాకాలం కోతలకు ముందు మా అత్త పోయింది. వయసు మీరింది, నిద్రలోనే పోయింది, బాధపడలేదు. ఆమెను గురించి ఒక్కటి చెప్పాలి. మా పన్నెండులో ఒక మూల మడి ఆమెది. అందులో ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న వడ్లే వేసేవాళ్లం. సన్న గింజ, కాస్త ఎర్ర ఛాయ, వండితే ఇంటి ముందు నడిచేవాళ్లు ఆగి చూసేవాళ్లు. బాలింతలకు ఆ అన్నమే పెట్టేది. ఏ ఏటికాయేడు కోసి, మొదటి గంప విత్తనానికి తీసి, బూడిద కలిపి గుమ్మిలో పోసేది. మిగిలిందే తినడం. ఆ గింజ ఇంకెక్కడా దొరకదు. నాట్లేసినప్పుడు నాతో ఒక మాట అంది.

"కోడలా, నేను పోయినా ఫరవాలే. గీ గింజ మాత్రం పోనియ్యకు."

"నీకంటే ముందు అదేం పోదు తియ్యి" అన్నాను నేను. అన్నట్టే ఆమెకన్నా ముందు పోలేదు.

ఆమె పోయేసరికి పంట తల వంచింది. మూల మడి కూడా. మేము లోపల కూర్చున్నాం. వంట లేదు, చెల్లెలు రోజూ పొద్దున అన్నం గిన్నె తెచ్చి గడప అవతల పెట్టేది. మొదట్లో గిన్నె పెట్టి కాసేపు కూర్చుని ఏడ్చి పోయేది. మిషన్ ఊళ్లోకి వచ్చాక గిన్నె పెట్టి వెంటనే వెళ్లిపోవడం మొదలుపెట్టింది. పనులున్నాయి కదా అనుకున్నాను. వాయుగుండం వస్తుందని, వాన పడుతుందని ఊరంతా ఫోన్లలో చూసుకుంటోంది. మా ఇంటాయన ఫోను ఆపేసి పెట్టెలో పెట్టాడు, కర్మ చేస్తున్న మనిషి కదా.

మిషన్ చప్పుడు మాత్రం లోపలికి వినబడేది. మడి పొడవునా పోయేటప్పుడు ఒకటే మోత, గట్టు దగ్గర తిరిగేటప్పుడు గొంతు మారుతుంది. పొద్దున్నే కాకా పదకొండులో తిరిగింది. ఆ తర్వాత గట్టు దిగింది.

"మనకాడికొచ్చింది" అన్నాను మా ఇంటాయనతో.

"అయితదిలే. పైన కాక ఉండె, కింద మీ మరిది ఉండె. మనకేం రంది" అన్నాడు.

ఆ మాట నాకు ధైర్యం ఇచ్చింది. చప్పుడు కొంచెం దూరం జరిగింది, కిందికి. ఆశ్చర్యమే, ఇంత జల్దీ మాది అయిందా అనుకున్నాను. పొద్దుగూకేసరికి ఆకాశం నల్లబడింది. ఆ వాన రెండు రోజులు వదలకుండా పడింది. ఇంటి కప్పు మీద వాన మోగుతుంటే నేను ఏమనుకున్నానో తెలుసా? అత్తా, నీ గింజ మరిది కల్లంలో పట్టా కింద ఉంది, నిద్రపో అనుకున్నాను.

పెద్దదినం అయింది. తెల్లవారి తలస్నానం చేసి, పసుపు ముద్ద, చిన్న గంప తీసుకుని పొలానికి పోయాను. మొదటి గంప విత్తనానికి కదా, ముందు పొలానికి దండం పెట్టుకుని తర్వాత మరిది కల్లానికి పోదామని. గట్టు ఎక్కేదాకా నా కళ్లలో కొయ్యకాళ్లే ఉన్నాయి. కోసిన మడి ఎట్లా ఉంటుందో అదే ఉంది.

కోయలేదు. మడి మొత్తం పడుకుని ఉంది. ఎవరో మీద చాప పరిచి తొక్కినట్టు. పైన పదకొండు కోసి ఉంది, కింద పదమూడు కోసి ఉంది, మధ్యలో మాది నీళ్లలో ఉంది. దిగి ఒక కంకి పైకి తీశాను. గింజ గింజకూ తెల్లటి మొలక. మూల మడికి పోయాను. అక్కడా అంతే. ఎర్ర ఛాయ గింజకు తెల్ల మొలక వస్తే ఎంత అందంగా ఉంటుందో, చూడటానికి. కంకిలోనే మొలిచిన గింజ ఇక విత్తనానికి పనికిరాదు. గంప బోర్లించి దాని మీద కూర్చున్నాను.

పదకొండో నంబరు కాకా గట్టు మీద గడ్డి మోసుకుంటూ వస్తూ నన్ను చూసి ఆగాడు.

"మీరు వేరే మిషన్ మాట్లాడుకున్నరనుకున్న బిడ్డా. ఏమైంది, అది రాలేదా?"

"మాట్లాడుకునేదేంది కాకా. మైలల ఉంటిమి కదా. ఖాళీ చూసి నువ్వు దిగలేదా?"

"ఖాళీ యాడ ఉంది? ఉంటే నేను దిగకపోదునా? నా కింద పన్నెండు మీ మరిది పేరే వచ్చింది." తన ఫోను తీసి చూపించాడు. మిషన్ తన మడిలో దిగిన రోజు పొద్దున వచ్చిన వరుస. పదకొండు నుంచి ముప్పై దాకా ఒకే దండ. ఎక్కడా తెగలేదు.

అందరూ ఒక్కొక్కటి పైకి జరిగారు. పదమూడువాడు పన్నెండు, పధ్నాలుగువాడు పదమూడు. వాన వస్తున్నప్పుడు తను ఒకటి ముందుకు జరిగితే ఎందుకు జరిగానని ఎవరడుగుతారు? మా కిందివాళ్లందరికీ మా ఇంట్లో చావు తెలుసు. చావన్నానికి కూడా వచ్చారు. ఒక్కరూ అడగలేదు.

ఆ పిల్ల మధ్యాహ్నం వచ్చింది. ల్యాప్‌టాప్ లేకుండా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దమ్మా, స్క్రిప్ట్ ఖాళీ గీతను దాటేసిందే. నేను చూస్కోలే. వాన తొందరల అందరు పంపు పంపు అంటుంటే పంపేసిన."

నమ్మాను. నమ్మడమే కాదు, వెనకేసుకొచ్చాను కూడా. మా ఇంటాయన కోపంగా ఉంటే, అది యంత్రం చేసిన పని, పిల్లనేమీ అనకు, మొదటిసారి పది తీసుకుపోయి ఒకటి పక్కన పెట్టలేదా, ఇదీ అలాంటిదే అన్నాను. ఆ పిల్లకు అన్నం పెట్టాను. తినలేదు. బాధలో ఉంది అనుకున్నాను.

నిజం దాని నోటి నుంచి రాలేదు. వాళ్ల నాయన నోటి నుంచి వచ్చింది, అదీ కోపంలో కాదు, గర్వంలో. నాలుగు రోజులకు మా మరిది మా అరుగు మీద టీ తాగుతున్నాడు. మా ఇంటాయన మనసు ఆగక అన్నాడు.

"గంత చదువుకున్న పిల్లకు ఒక ఖాళీ గీత కానరాలేదా తమ్మీ? ఏం పని చేస్తదో ఏమో ఆఫీసుల."

మరిదికి రోషం వచ్చింది. గ్లాసు కింద పెట్టాడు.

"నా బిడ్డ పనిల తప్పు రాదు. దాన్ని అనకున్రి. నేను తియ్యమంటేనే తీసింది."

అన్నాక తనకే అర్థమైంది ఏమన్నాడో. గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు, అందులో ఏమీ లేదు. నేను వాకిట్లో చేట పట్టుకుని ఉన్నాను. మరిదే మళ్లీ అన్నాడు.

"వానొస్తుండె వదినె. మీది కోసి, మాది కోసేదాక మబ్బు ఆగదాయె. మీరెట్లా లోపల్నే ఉంటిరి. ఎండ వచ్చినంక ముందుగాల మీదే కోయిద్దమనుకున్న."

"మీ నాయిన పోయిన ఏడు కూడా మబ్బే ఉండె మరిదీ" అన్నాను.

లేచి కంచె సందులోంచి పోయాడు. వంగలేక వంగాడు.

పంట సంగతి కాదు నన్ను కోసింది. పొలం చేసేవాడు మబ్బును చూసి భయపడతాడు, ఆ భయం నాకు తెలియనిది కాదు. తను నాకు చెప్పిన అబద్ధానికి ఆ పిల్ల నా చేతే సాక్ష్యం చెప్పించింది. అదీ నొప్పి. యంత్రం దాటేసింది అని నేనే అన్నాను, నా మొగుడితో, నా నోటితో. ఆ బి-ఏ ఉండగా అది ఖాళీని దాటదని తెలిసిన మనుషులు ఊళ్లో ఇద్దరమే. ఒకరు చేసినవాళ్లు, ఇంకొకరు పక్కన కూర్చుని చూసినవాళ్లు. తనంత తానుగా ఏదీ మారదు, రాసింది రాసినట్టు చేస్తుందని చెప్పింది తనే. నా ప్రేమ ఆ మాటను గుర్తు రానివ్వదని దానికి తెలుసు.

మరునాడు వచ్చింది. అరుగు మీద కూర్చుంది. నేను అడగలేదు, తనే మొదలుపెట్టింది.

"రెండక్షరాలు తీసిన పెద్దమ్మా. గంతే. ఒక్క దినం కోసం. మల్ల పెడదామనుకున్న."

"పెట్టినవా?"

"తెల్లారి పెట్టిన. అప్పటికి వాన పడుతున్నది."

"తీసేటప్పుడు నేను యాదికి రాలేదా?"

చాలాసేపు నేల మీద గీతలు గీసింది వేలితో. "వచ్చినవ్" అంది. "నువ్వే యాదికొచ్చినవ్. నువ్వైతే తిట్టవు అనుకున్న."

అవ్, నేను తిట్టలేదు. లోపలికి పోయి మిగిలిన కందికాయ తెచ్చుకుని వొలుచుకున్నాను. ఆ పిల్ల కూడా చెయ్యి వేసింది. గింజలు ఒక గిన్నెలోనే పడుతున్నాయి. ఎవరు వొలిచినవి ఎవరివో తెలియకుండా పోయాయి.

మూల మడి గింజ ఆరబెట్టి చూశాను. పైపైన మొలవనివి కొన్ని ఉంటాయేమోనని దోసెడు ఏరాను. తడిబట్టలో కట్టి పెట్టాను, ఒక్కటీ రాలేదు, బూజు పట్టింది. మా చెల్లెలు ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి, "అక్కా, సంచి విత్తనం మంచిది తెచ్చిన, మూల మడికి ఏసుకో" అంది. వేశాం. బాగానే పండింది. తినడానికి బాగానే ఉంది. బాలింతలకు మాత్రం నేను దాన్ని పెట్టలేదు, దుకాణంలో కొన్న పాత బియ్యం పెట్టాను.

ఈ ఏడు కోతల ముందు ఊరు కూడింది. వరుస మళ్లీ గోడ మీదే రాద్దామా, ఫోన్లోనే ఉంచుదామా అని. అందరూ నావైపు చూశారు, ఆ పిల్ల చూడలేదు.

"ఫోన్లనే ఉండనీయున్రి" అన్నాను. "గోడైతే వానకు పోతది. కానీ మైల ఇంటి గీత ఖాళీగ ఉంచొద్దు. పేరు రాసుడు వద్దు, ఒక చుక్క పెట్టున్రి. చుక్క ఉన్న గీత ఖాళీ గీత కాదు. అప్పుడు బి-ఏ ఉన్నా లేకున్నా దానికి నంబరు పడాల్సిందే."

ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు, ఆ పిల్లకు తప్ప. తల ఊపింది. అట్లాగే చేసింది. చుక్క పెడితే నంబరు పడుతుంది, నిజమే. ఆ చుక్కను కూడా చెరిపే చెయ్యి ఉంటుంది. అది చెయ్యి పని. చేతికి ఏ స్క్రిప్టూ రాయలేం. ఆ మాట నేను ఊరి ముందు అనలేదు.

ఆ పిల్ల ఇప్పటికీ వస్తుంది. సిగ్నల్ మా అరుగు మీదే కదా. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిస్తాను, టీ ఇస్తాను. మొన్న పని చేసుకుంటూ చేసుకుంటూ ఆగి, ల్యాప్‌టాప్ మూసి అడిగింది.

"పెద్దమ్మా, ఏడుగురు అన్నదమ్ములు అడవిల తప్పిపోతే చెల్లె ముగ్గుపిండి గీత పట్టుకొని పోయి దొరకపట్టిన కథ ఉంటది చూడు. గది చెప్పరాదు. మస్తు దినాలైంది."

చిన్నప్పుడు ఆ కథ లేనిదే ముద్ద మింగేది కాదు. ఎన్నోసార్లు చెప్పాను. ఏ అన్న ఏ చెట్టు కింద దొరికాడో ఇప్పుడు నిద్రలో లేపినా చెబుతాను.

"యాది మరిచిన బిడ్డా" అన్నాను.

నేను ఏదీ మరిచిపోనని తెలిసిన పిల్ల అది. నా ముఖం వైపు చూసింది, మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచింది. కీలు కొట్టే చప్పుడు చాలాసేపు రాలేదు.

ఇక లేవండి, పొద్దు వాలుతోంది, పొయ్యి అంటించాలి. ఆ కథ మీకు ఇంకోలా తెలిసి ఉంటే మీ పిల్లలకు చెప్పుకోండి, నా దగ్గరే ఆగిపోకూడదు. మీ ఇంటి గుమ్మి అడుగు కనబడకుండా ఉండాలి. మీ విత్తనం మీ చేతిలోనే మొలవాలి. మీ వరుసలో ఖాళీ రాకూడదు, ఎవరికైనా రాక తప్పదు కాబట్టి, వచ్చిన రోజున ఆ ఖాళీ చూసి అడగకుండా దిగే మనుషులు మీ పైగట్టు మీదా ఉండాలి, కిందిగట్టు మీదా ఉండాలి. మీ ఇల్లు చల్లగుండాలి.